రాత్రి లేని చేమంతి

చదువవలసిన వేదభాగములు: మత్తయి 6:28–30, లూకా 13:6–9



క్రిస్మసు దినములు దగ్గరపడుచున్నవి. మన దేవాలయములను కడిగి, సున్నము వేసి, తోరణములు కట్టి, పువ్వులతో అలంకరించు కాలమిది. అందుచేత ఈ నెల మేము చేమంతి మొక్కను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. వాక్యము చెప్పవలసిన కాపరి పూలమొక్కలను గూర్చి వ్రాయుట ఏమిటని మీలో కొందరు అనుకొనవచ్చును. అయితే పువ్వుల తట్టు చూచి బుద్ధి తెచ్చుకొనుడని శిష్యులకు నేర్పినవాడు మన ప్రభువే గదా. అది ఏలాగు పెరుగునో కనిపెట్టుమని ఆయన చెప్పెను. మనమైతే కనిపెట్టము. కోయుదుము, మాల కట్టుదుము, వాడిన పిమ్మట పారవేయుదుము.

మేమును అట్టివారమే. ఒక చేమంతి మడి మాకొక పాఠము నేర్పినది. ఆ పాఠమునకు ముందు మేము చేసిన తప్పు ఒకటి కలదు. దానిని దాచక మీ యెదుట ఉంచుచున్నాము.

చేమంతి పేరు బైబిలు గ్రంథములో లేదు. కొండమీది ప్రసంగములో ప్రభువు చూపిన పువ్వు ఏదని పండితులు నేటికిని ఒక్క మాట చెప్పరు. ఒకానొక ఎఱ్ఱని పువ్వని కొందరందురు. మైదానమున పూయు పువ్వులన్నియునని కొందరందురు. అయితే గలిలయ కొండ ప్రక్కలయందు వసంతకాలమున మన చేమంతికి దగ్గర చుట్టములైన పసుపుపచ్చని పువ్వులు విస్తారముగా పూయుననుట నిశ్చయము. నాలుగు దినములు కన్నులపండువుగా ఉండి, ఎండలు ముదరగానే అవి ఎండి పొయ్యిలోని చితుకులగును. మన ఊరిలోను చేమంతికి చుట్టములు చాలమంది కలరు. బంతి దాని చుట్టమే. చేలలోని ప్రొద్దుతిరుగుడు దాని చుట్టమే. గట్లమీద ఎవరును నాటకయే మొలచు గడ్డిచేమంతి కూడ ఆ కుటుంబములోనిదే. కొడవలి తెగినప్పుడు మన కూలివారు ఆకు నలిపి రసము పిండుకొనునది దానినే గదా.

ఈ కుటుంబమున ఒక వింత కలదు. మనము ఒక పువ్వు అనుకొనునది ఒక పువ్వు కాదు. ఒక చేమంతిని విప్పి చూడుడి. చుట్టును రేకువలె కనబడు ఒక్కొక్కటియు ఒక్కొక్క పువ్వే. నడుమ గుండీవలె ఉన్న పసుపు ముద్దలో కంటికి ఆననంత చిన్న పువ్వులు వందలు కూడియుండును. అన్నియు ఒకే కాడమీద కూర్చుండి, చూచువారికి ఒక్క పువ్వుగా కనబడును. సంఘమును గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమును చదివి, పిమ్మట ఒక చేమంతిని చేతిలోనికి తీసికొనుడి. అంచున నిలిచి అందరి కంటబడువారు కొందరు. నడుమ ఇరుకున కూర్చుండి ఎవరికిని కనబడనివారు కొందరు. నడుమ ఉన్నవారిని తీసివేసిన యెడల అంచున ఉన్నవారు నిలుచుటకు చోటుండదు.

1. పిలక

చేమంతిని విత్తనముతో పెంచిన యెడల తల్లివంటి పువ్వే వచ్చునను నమ్మకము లేదు. అందుచేత తోటవారు పిలకలను నాటుదురు. పువ్వులు అయిపోయిన తరువాత, జనవరి ఫిబ్రవరి నెలలలో, ముదురు కొమ్మలను నేలకు జానెడెత్తున కోసివేసిన యెడల మొదటినుండి క్రొత్త పిలకలు లేచును. వాటిని ఎండాకాలమంతయు కొంచెము నీడపట్టున బ్రదికించుకొని, తొలకరి వానలు పడిన పిమ్మట జూన్ జూలై మాసములలో వేరుతో విడదీసి నాటవలెను. లేదా రెండు మూడు అంగుళముల లేత కొమ్మ చివరలను తుంచి, క్రింది ఆకులు తీసివేసి, తడి యిసుకలో గ్రుచ్చి నీడలో ఉంచిన యెడల రెండు మూడు వారములలో వేరు పట్టును. మొక్కకు మొక్కకు ఒక అడుగు ఎడముండుట మంచిది. అడుగు ఎడమంటే అప్పుడు చాల దూరముగా తోచును గాని కార్తికమాసమునకు అది చాలీచాలనట్లుండును.

మా దేవాలయము ప్రక్కనున్న మడిలో మొదటి పిలకను నాటినది ఒక పేద సహోదరి. ఆమె కోతలకు పోయిన ఊరిలో ఎవరి పెరటిలోనో పసుపు చేమంతి చూచి, ఒక్క పిలక అడిగి, తడిగుడ్డలో చుట్టి కొంగున కట్టుకొని తెచ్చెనట. ఆమె ప్రభువునందు నిద్రించి చాల సంవత్సరములైనది. ఆమె భర్తను మా సంఘమంతయు తాతయని పిలుచును. ఆయన ఆ మడిని విడువక పెంచుచు, ప్రతి క్రిస్మసు ఉదయమున మొదటి గుత్తిని కోసి ప్రభుబల్లమీద ఉంచుచుండెను. ఎవరును ఆయనకు ఆ పని అప్పగించలేదు. ఎవరును కూలి ఇయ్యలేదు.

తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయమున పౌలు తిమోతి అవ్వను, తల్లిని పేర్లు పెట్టి జ్ఞాపకము చేసికొనెను. విశ్వాసము అంగడిలో కొనదగిన విత్తనము కాదు. ఒకరి మొదటినుండి విడదీసి మరియొకరి చేతిలో పెట్టునది. మీకు మొదటి పిలక ఇచ్చినవారు ఎవరో ఈ క్రిస్మసున జ్ఞాపకము చేసికొనుడి.

2. నీరు

చేమంతికి నీరు కావలెను గాని నిలువ నీరు పనికిరాదు. నల్లరేగడి నేలయైన యెడల మడిని ఎత్తుగా కట్టి, యిసుకయు, బాగుగా చివికిన పశువుల ఎరువును కలుపవలెను. పచ్చిపేడ వేయరాదు. నీళ్ళు ఉదయమున మొదటిలో పోయవలెను గాని సాయంకాలమున ఆకులమీద చల్లరాదు. రాత్రియంతయు తడిసియున్న ఆకులకు నల్లమచ్చ తెగులు సోకును. అది క్రింది ఆకులనుండి మొదలై పైకి ప్రాకును. మచ్చపడిన ఆకులను తుంచి కాల్చివేయుడి. లేత చివరలకు పేనుబంక పట్టిన యెడల లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బు నురుగుతో కలిపి చల్లుడి. ప్రతి సంవత్సరము అదే మడిలో నాటక చోటు మార్చుట మేలు. మార్చుటకు స్థలము లేనివారు పైమన్నైనను మార్చవలెను.

మేము చూచినంతలో, నీరు చాలక చచ్చిన చేమంతులకంటె నీరు ఎక్కువై చచ్చినవే మెండు. ఇందులో ఒక మోసము కలదు. వేరు నీటిలో కుళ్ళినప్పుడు మొక్క వాడిపోయి, దాహముగొన్న మొక్కవలెనే తల వాల్చును. ఎరుగనివాడు అయ్యో అనుకొని మరి రెండు చెంబులు పోయును. ఆ ప్రేమయే దానికి మరణమగును. తల వాల్చిన మొక్కను చూడగానే చెంబు తీసికొనక, ముందు మన్నులో వ్రేలు పెట్టి చూడుడి. తడిగా ఉన్న యెడల నీళ్ళు పోయక, నీరు పోవుటకు దారి త్రవ్వుడి. కుటుంబములలో వాడియున్నవారికి మనము చెప్పు బుద్ధిమాటల విషయములోను ఈ పరీక్ష పనికివచ్చును.

3. తల త్రుంచుట

నాటిన నాలుగు వారములకు మొక్క జానెడు ఎదిగి, ఒంటికొమ్మగా పైకి పోవుచుండును. అప్పుడు బొటనవ్రేలితో దాని లేత తలను త్రుంచివేయవలెను. క్రొత్తగా పెంచువారికి ఇది చేయుటకు చెయ్యిరాదు. అయితే త్రుంచని మొక్క పొడుగుగా పోయి, చివర నాలుగు పువ్వులు పూసి, గాలికి పడిపోవును. తల త్రుంచిన పది పదునైదు దినములకు ప్రక్కలనుండి నాలుగైదు కొమ్మలు లేచును. మరి మూడు వారములకు వాటి తలలు కూడ ఒకసారి త్రుంచిన యెడల మొక్క గుబురై గంపవలె నిండును. బరువునకు ఒరగకుండ వెదురు పుల్ల పాతి మెత్తని నారతో వదులుగా కట్టవలెను.

యోహాను సువార్త 15వ అధ్యాయమున తండ్రి వ్యవసాయకుడై తీగెలను శుభ్రపరచునని ప్రభువు చెప్పిన సంగతి మీరెరుగుదురు. మన ఆశలు కొన్ని త్రుంచబడిన చోటనే తరువాత కొమ్మలు లేచినవని మనలో అనేకులు సాక్ష్యమియ్యగలరు. అయితే ఒక హెచ్చరిక. ఆ చెయ్యి తండ్రిది. పొరుగువాని దుఃఖమును చూచి, దేవుడు నీ తల త్రుంచినాడులే యని చెప్పుటకు మనకు సెలవు లేదు. మరియు త్రుంచుటకు ఒక కాలమున్నది. సెప్టెంబరు దాటి మొగ్గ పట్టు వేళ తల త్రుంచినవాడు కొమ్మను పెంచడు, ఆ సంవత్సరపు పువ్వునే త్రుంచును. పిల్లల మనస్సు క్రుంగిపోవునట్లు వారిని విసికించవద్దని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయమున తండ్రులకున్న ఆజ్ఞ ఇందుకే. గద్దించుటకు అధికారము కలిగియున్న తండ్రులును, పెద్దలును, కాపరులును ఇది మరువరాదు. మేము మరచితిమి. ఆ సంగతి ఇప్పుడు చెప్పుచున్నాము.

4. రాత్రి

2023 జూలై నెలలో మా యౌవనస్థులు చందాలు వేసికొని, దేవాలయ శిఖరముమీది సిలువ దూరమునకు కనబడునట్లు ఒక పెద్ద ఫోకసు దీపము పెట్టించిరి. సాయంకాలము మొదలు తెల్లవారువరకు అది వెలుగుచుండెను. మేము మిగుల సంతోషించితిమి. దీపము పెట్టిన మరునాడే తాత వచ్చి, తలపాగా తీసి చేత పట్టుకొని, “అయ్యగారూ, ఈ లైటు రాత్రంతా మడి మీద పడితే చేమంతి పూయదండి” అనెను.

మేము నవ్వితిమి. నవ్వుట మాత్రమే కాదు. దీపమును మరుగుచేయక స్తంభముమీద పెట్టవలెనని ప్రభువు చెప్పిన మాటను ఆయనకు వినిపించి, ఆయన నోరు మూయించితిమి. ప్రక్కనున్న యౌవనస్థులును నవ్విరి. ఆయన తలపాగా చుట్టుకొని వెళ్ళిపోయెను.

నవంబరు గడచెను. మొక్కలు ముదురు పచ్చగా, మొలలోతు పెరిగినవి. ఒక్క మొగ్గ లేదు. డిసెంబరు వచ్చెను. ఆకులే గాని మొగ్గ లేదు. క్రిస్మసు ముందటి సాయంకాలము అలంకారములకు కూడిన పెద్దల యెదుట మేము తాతను పిలిచి, “నీకు కన్నాననందున మడి పాడైనది. ఈ పండుగకు ప్రభుబల్లమీద పువ్వు లేకుండ చేసితివి. ఇకమీదట దీనిని చిన్నవారికి అప్పగించుము” అని చెప్పితిమి. ఆయన మారుమాట పలుకలేదు. మడి ప్రక్కనున్న తన చిన్న పారను తీసికొని వెళ్ళెను. మరుసటి ఆదివారము ఆయన ముందు వరుసలో కూర్చుండక తలుపు దగ్గర కూర్చుండెను. ఆ పై ఆదివారము రానేలేదు.

మా గృహిణి మమ్మును అడిగినది: “తాత రాలేదు, చూచి వచ్చితిరా?” ఆ మాట మమ్మును నిలువనియ్యలేదు. 2024 జనవరి రెండవ వారములో, సంక్రాంతికి ముందు ఒక సాయంకాలము, మేము ఆయన యింటికి వెళ్ళితిమి. మాల పల్లెకు చివర, వీధిదీపము అందని చోట ఆయన గుడిసె. ఆయన కనబడక దొడ్డిలోనికి వెళ్ళిన మేము అక్కడనే నిలిచిపోతిమి. గోడ వెనుక పసుపు చేమంతి విరగబూసి యున్నది. ఆకు కనబడలేదు.

“ఇది ఎక్కడి పిలక తాతా?” అని అడిగితిమి.

“గుడి మడిలోదేనండి. మా ఇంటిది నాటిందే.”

“ఏమి ఎరువు వేసితివి?”

“అక్కడేసిందే ఇక్కడా ఏశానండి. ఎరువులో ఏం లేదండి అయ్యగారూ. ఇక్కడ రాత్రవుద్దండి. అక్కడ రాత్రవదు.”

పిమ్మట ఆయన పువ్వుల వైపే చూచుచు మెల్లగా అనెను: “క్రిస్మసుకే పూసినయ్యండి. పొద్దున్నే కోసి తెద్దామనే అనుకున్నాను. మీరు అందరి ముందూ అట్టా అన్నాక, తేలేకపోయానండి.”

ప్రియులారా, మేము ఎన్నో ప్రసంగములు చేసితిమి. ఆ సాయంకాలము మాకు చేయబడిన ప్రసంగము వంటిది మరియొకటి వినలేదు. ప్రభుబల్లమీద పువ్వు లేకుండ చేసినది తాత కాదు. మేమే.

ఆయన చెప్పినది ముసలితనపు మాట కాదని పిమ్మట పుస్తకములు చూచి తెలిసికొంటిమి. మొక్కలు పూయుటకు పగలు రాత్రుల నిడివి కారణమగునని అమెరికా దేశపు శాస్త్రజ్ఞులైన గార్నర్, అల్లార్డ్ అనువారు 1920లో ప్రకటించిరి. చేమంతి నిడివియైన రాత్రులు కావలసిన మొక్క. మన ప్రాంతమున జూన్ నెలాఖరున పగలు సుమారు 13 గంటలుండి, డిసెంబరు నెలాఖరున సుమారు 11 గంటలకు తగ్గును. వానకాలము వెనుదీసి, రాత్రులు పెరుగుట మొక్క గుర్తెరిగి, ఆకు పెంచుట ఆపి మొగ్గ తొడుగును. ఆ రాత్రి తెగరాదు. నడిరాత్రి కొద్ది గంటలు దీపము పడినను, మొక్క ఇంకను వేసవియే యనుకొని ఆకులే వేయుచుండును. కర్ణాటక రాష్ట్రములోని చేమంతి రైతులు పువ్వును ఆలస్యము చేసి మొక్కను బలపరచుటకు పొలములలో రాత్రివేళ దీపములు వెలిగింతురు. వారు తెలిసి చేయునది మేము తెలియక చేసితిమి.

5. దిద్దుబాటు

ఆ దొడ్డిలోనే మేము ఆయనను క్షమాపణ అడిగితిమి. అయితే నలుగురి యెదుట అనిన మాటను చాటున దిద్దుట చాలదు గనుక, 2024 జనవరి 14 ఆదివారమున సంఘమంతటి యెదుట జరిగిన సంగతి చెప్పి, మా తప్పు ఒప్పుకొంటిమి. దీపమును రాత్రి తొమ్మిది గంటలకు ఆర్పుదుమని చెప్పినప్పుడు తాత లేచి, “సగం రాత్రి చాలదండి” అనెను. ఈసారి ఎవరును నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే, జూలైలో నవ్విన యౌవనస్థులు నూనె డబ్బా కోసి, రేకు వంచి, వెలుగు పైకి సిలువమీదికే పోవునట్లును, మడిమీద పడకుండునట్లును దీపమునకు మరుగు కట్టిరి. దీపమును మరుగుచేయరాదని చెప్పిన మేమే క్రింద నిచ్చెన పట్టుకొంటిమి.

మొగ్గ పట్టి పూయుటకు రెండు నెలలకు పైగా పట్టును. 2024 మార్చి 31న ఈస్టరు వచ్చెను. అప్పటికి ఎండలు ముదిరినవి గనుక పువ్వులు చిన్నవై, రంగు వెలిసియుండెను. అయినను పూసినవి. తెల్లవారుజామున తాత వాటిని కోసి ప్రభుబల్లమీద ఉంచెను. అంతకంటె అందమైన పువ్వులు మా దేవాలయమున మేము చూడలేదు. 2024 క్రిస్మసునకు మడియంతయు నిండుగా పూసెను. మడిలో పని నేర్చుకొనుటకు ఇప్పుడు ఇద్దరు చిన్నవారు తాత వెంట తిరుగుచున్నారు.

లూకా సువార్త 13వ అధ్యాయములోని అంజూరపు చెట్టు ఉపమానమును మేము ఎన్నోసార్లు చదివి, పండ్లు లేని చెట్టును గూర్చి సంఘమునకు బోధించితిమి. అందులో తోటమాలి యున్నాడని అప్పుడు ఆనలేదు. యజమానుడు నరికివేయుమనగా, ఇంకొక్క సంవత్సరము ఆగుమని, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని బ్రతిమాలినవాడు ఆ తోటమాలియే. పండు లేదని చెప్పుటకు కన్నులు చాలును. ఏల లేదో తెలిసికొనుటకు మోకాళ్ళమీద కూర్చుండి మన్ను త్రవ్వవలెను.

6. మనకు

మొదటిది. పెద్దలు, చదువులేనివారు, వెనుక వరుసలో కూర్చుండువారు చెప్పు మాటను వినుడి. వేదాంత కళాశాలలో మేము గ్రీకు భాష నేర్చితిమి. పువ్వను మాటను గ్రీకులో ఎరుగుదుము. పువ్వును ఎరిగినవాడు తాత.

రెండవది. వాక్యమును ఎదుటివాని నోరు మూయుటకు వాడకుడి. మేము చూపిన వాక్యము సత్యమే. చూపిన చోటు తప్పు. దేవుని మాటతో మనిషి మాటను అణచినప్పుడు, దేవుడు ఆ మనిషిద్వారా చెప్పదలచినది మనము వినకపోవుదుము.

మూడవది. రాత్రిని గౌరవించుడి. ఆదికాండము మొదటి అధ్యాయము చూడుడి. పాపము లోకములోనికి రాకమునుపే రాత్రి యున్నది. దానికి పేరు పెట్టినవాడు దేవుడే. పగలు ఎవరిదో రాత్రియు ఆయనదేనని 74వ కీర్తనలో కలదు. బదరీ వృక్షము క్రింద చావగోరి పడియున్న ఏలీయాకు దేవుడు మొదట బోధ చేయలేదు. నిద్రయు, రొట్టెయు, నీళ్ళును ఇచ్చెను. పగలంతయు వంగి నాట్లు వేసిన మన స్త్రీలకును, చదువుకొను పిల్లలకును ఆ నిద్ర కావలెను. నడిరేయి వరకు చేతి ఫోను వెలుగులో ముఖము పెట్టుకొని కూర్చుండు యౌవనస్థులారా, మా మడిని జ్ఞాపకము చేసికొనుడి. ఆకులు బహు పచ్చగా ఉండెను. పువ్వు మాత్రము లేదు.

నాలుగవది. దుఃఖించువారి రాత్రిని తొందరపడి తెగగొట్టకుడి. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి యింటికి మూడవ నాడే వెళ్ళి, ఇక ఏడువవద్దు, సంతోషించుమని చెప్పుదుము. మన చేతిలోని దీపము ఆమె కన్నులలో పడవేయుదుము. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో కూర్చుండి ఒక్క మాట పలుకలేదు. ఆ ఏడు దినములే వారు చేసిన మంచిపని. పిమ్మట నోరు తెరచి చెడగొట్టిరి. దుఃఖపు యింటిలో నేలమీద కూర్చుండుడి. గంజి కాచి ఇయ్యుడి. పశువులకు మేత వేయుడి. మొగ్గ తొడిగించువాడు చీకటిలో పనిచేయుచునే యున్నాడు.

చీకటి మంచిదని మేము చెప్పుటలేదు. మన ప్రభువు లోకమునకు వెలుగు. పాపపు చీకటితో మనకు పొత్తు లేదు. అయితే దేవుడిచ్చిన రాత్రి వేరు, మనుష్యుడు తెచ్చుకొనిన చీకటి వేరు. ఈ రెంటికిని భేదము తెలియని కాపరి దీపము పట్టుకొని మందను బాధించును. మా మందలో ఒక గొఱ్ఱెను అట్లు బాధించితిమి గనుక చెప్పుచున్నాము.

ఈ క్రిస్మసున మీ దేవాలయములో చేమంతులు పెట్టునప్పుడు, వాటిని పెంచిన చేతులెవరివో విచారించుడి. నలుగురి యెదుట మీరు చిన్నబుచ్చినవారు ఎవరైనను తలుపు దగ్గర కూర్చుండియున్నారేమో చూడుడి. ఉన్న యెడల పండుగ వరకు ఆగక ఈ వారమే వారి యింటికి వెళ్ళుడి. వారి దొడ్డిలో మీకొరకు ఏమి పూసి యున్నదో వెళ్ళినగాని తెలియదు.

ప్రార్థన

పగటిని రాత్రిని ఏర్పరచిన మా తండ్రీ, మా కన్ను చూడనిదానిని చీకటిలో సిద్ధపరచుచున్నందుకు నీకు స్తోత్రములు. మేము తొందరపడి త్రుంచిన వారిని నీవు తిరిగి చిగురింపజేయుము. గద్దించుటకు ముందు అడిగి తెలిసికొను మనస్సును కాపరులకును, పెద్దలకును, తలిదండ్రులకును దయచేయుము. వెనుక వరుసలో కూర్చుండువారి మాటను వినుటకు మా చెవులు తెరువుము. దుఃఖించువారి ప్రక్కన మౌనముగా కూర్చుండు కృప మాకిమ్ము. ఇంకొక్క సంవత్సరము మా కొరకు ఆగి, మా చుట్టు త్రవ్వి ఎరువు వేయుచున్న నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.